తేనెబండి

ఆ బండికి తేనెబండి అని ఎవరు పేరు పెట్టారో గానీ, పెట్టినవాడికి ముక్కు లేదని వెర్నా నమ్మకం.

చిన్న లారీ మీద పెద్ద తొట్టి, తొట్టికి మోటారు, మోటారుకి ఏనుగు తొండమంత గొట్టం. అరిజోనా ఎడారిలో ఆ పార్కు చలికాలమంతా ఇంటిబండ్లతో కిటకిటలాడుతుంది. మంచు పడే ఊళ్ళ నుంచి ముసలీ ముతకా బండ్లు తోలుకుని వచ్చి అక్కడ వాలతారు. ముందు వరసల్లోనే మురుగు గొట్టాలున్నాయి. వెనక వరసల వాళ్ళ కక్కసు సరుకంతా బండి కడుపులో ఉండే నల్లట్యాంకులో నిండుతుంది. నిండినప్పుడల్లా వెర్నా తేనెబండి వేసుకుని వెళ్ళి, తొండం తగిలించి లాగెయ్యాలి. అందుకు ప్రతిఫలంగా ఆమె ట్రెయిలరుకి చోటు, కరెంటు, నీళ్ళు ఊరికే వస్తాయి. పైన కాస్త చేతి ఖర్చుకి ఇస్తారు.

ఈ పని మొదలుపెట్టి మూడు చలికాలాలైనా ఆమెకు రోత తగ్గలేదు. అలవాటైపోతుందని అందరూ చెప్పారు. అలవాటైంది కంపుకి కాదు, కంపు కొడుతున్నా కాఫీ తాగడానికి.

ఆ పూట గొట్టం చుట్టి పెడుతుండగా చెల్లెలు ఐరిస్ ఫోను చేసింది. ఒహాయోలో ఉంటుంది. బడిలో పిల్లలకి వండిపెట్టే పనిలో ముప్పై ఏళ్ళు అరిగి, మొన్ననే మానేసింది.

"వెర్నీ, బేరం కుదిరింది. ఇల్లు కొనేవాళ్ళు శుక్రవారం కాయితాలతో వస్తామన్నారు" అంది ఐరిస్.

"అంత తొందరగానా?"

"వాళ్ళకి తొందర, నాకూ తొందరే. మొన్న మెట్ల మీద మంచు గీకుతుంటే మోకాలు మడతపడింది. నువ్వక్కడ చెప్పుల్లేకుండా తిరుగుతున్నావు. బండి కూడా చూసి పెట్టాను. పాతదే అనుకో. బ్రాంట్ వాళ్ళ పాఠాల్లో చెప్పినట్టే చూసుకున్నాను, పైకప్పు కారుతుందో లేదో, టైర్లు ఎప్పటివో."

బ్రాంట్, సియెన్నా అనే జంట వీడియోలు ఐరిస్ పొద్దస్తమానం చూస్తుంది. బండిలో బతుకుతూ దారిలోనే ఎలా సంపాదించుకోవాలో వాళ్ళు చెబుతారు. డబ్బు కట్టి ఆ పాఠాలు కూడా కొనుక్కుంది.

వెర్నా గొట్టం వైపు చూసింది. చివర నుంచి గోధుమరంగు నీళ్ళు బొట్టుబొట్టుగా కారుతున్నాయి.

"మంచిదే" అంది.

అంతకుమించి అనడానికి ఆమెకు నోరు రాలేదు. ఎందుకు రాలేదో ఆమెకు తెలుసు. పనిచేసే కార్పెట్ల మిల్లు మూతపడి, అద్దె కట్టలేక ట్రెయిలరు ఎక్కిన రోజు నుంచీ చెల్లెలికి నిజం చెప్పింది లేదు. ఎండాకాలం కొండ మీద అడవిశాఖ వాళ్ళ మరుగుదొడ్లు కడిగింది, యాత్రికులకి దారి చూపించే పని అని చెప్పింది. ఉత్తరాన చక్కెరదుంపల కాలంలో బురదలో నిలబడి, లారీల కింద రాలిన దుంపలు పారతో ఎత్తింది, లెక్కలు రాసే పని అని చెప్పింది. ఇక్కడికొచ్చాక పార్కు ఆఫీసులో ఉన్నానంది. వారానికో సూర్యాస్తమయం ఫొటో తీసి పంపేది. ఐరిస్ వాటినన్నిటినీ అచ్చు వేయించి ఫ్రిజ్జు తలుపు మీద అంటించుకుంది. ఇప్పుడా ఫ్రిజ్జునే అమ్ముకుని రాబోతోంది.

వస్తే బాగుంటుంది కూడా. సాయంత్రం పూట ఎదురుగా మరో కుర్చీ, కుర్చీలో మరో మనిషి. వెర్నా నోరు కట్టేసింది ఆ కుర్చీయే.

మర్నాడు మధ్యాహ్నం బ్రాంట్ జంటే పార్కులో దిగింది. బస్సంత బండి, అద్దంలా మెరుస్తోంది. మేనేజరు డ్వేన్ గేటు దాకా ఎదురెళ్ళాడు.

"ముందు వరసలో మంచి సైటు ఇచ్చాను, ఊరికే. మన పార్కు గురించి నాలుగు మాటలు చెప్తే చాలు, వచ్చే ఏడు ఖాళీ ఉండదు. వాళ్ళకేం కావాలన్నా చూసుకో వెర్నా" అన్నాడు.

వాళ్ళకేం కావాలో కాసేపటికే తెలిసింది. సియెన్నా వెర్నా ట్రెయిలరు దగ్గరికి ఒంటరిగా వచ్చింది. పల్చటి పిల్ల, తెల్లటి బట్టలు, మాట మాత్రం గుసగుస.

"మిస్ వెర్నా, మీతో చిన్న పని. మా బాత్రూంలో ఏదో తేడాగా ఉంది. నీళ్ళు వదిలితే కిందికి పోవట్లేదు. వాసన కూడా కొంచెం..."

"కొంచెమా?"

"లోపల పడుకోలేకపోతున్నాం" అని ఒప్పుకుంది ఆ పిల్ల.

వెర్నా వెళ్ళింది. తలుపు తెరవగానే లోపలి గాలి వచ్చి మొహానికి తడిగుడ్డలా అతుక్కుంది. తెల్లటి సోఫాలు, తెల్లటి అలమరలు, గోడకి ఎండుపూల దండ, కిటికీల్లో వెలుగుతున్న అత్తరు కొవ్వొత్తులు. కొవ్వొత్తుల వాసనా ఆ వాసనా కలిసి, కుళ్ళిన పండు మీద పంచదార చల్లినట్టుంది. పైన పటారం, లోన లొటారం అంటే ఏమిటో ఆమెకు ముక్కుతో తెలిసింది. కక్కసు మూత ఎత్తి, తొక్కుడు మీట తొక్కి, టార్చి వేసి చూసింది. చూసి వెంటనే మూత వేసేసింది.

బయటికొచ్చి బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ట్యాంకు నుంచి ముడతల గొట్టం సైటు మురుగులోకి దిగి ఉంది. ట్యాంకు దగ్గరి వాల్వు బార్లా తెరిచి ఉంది.

"ఇది ఎప్పుడూ ఇలా తెరిచే పెడతారా?"

బ్రాంట్ మెడలోని కండువాని ముక్కు మీదికి లాక్కున్నాడు. "అవును. గొట్టం తగిలించే ఉంది కదా. ఎప్పటికప్పుడు పోతుందని."

"పోయేది నీళ్ళు నాయనా. నీళ్ళు వెనక్కి చూడకుండా పోతాయి. మిగతాది ఎక్కడిది అక్కడే కూర్చుంటుంది. దాని మీద మళ్ళీ మీరు కూర్చుంటారు. నెలల తరబడి అలా గోపురం కట్టారు మీరు. ఎండకి ఎండి ఇటుకైపోయింది. వాల్వు మూసి ఉంచాలి, ట్యాంకు నిండాక ఒక్కసారి తెరవాలి. అప్పుడు నీళ్ళతో పాటు అన్నీ ఉరుకుతాయి. బండెక్కిన ప్రతివాడికీ మొదటిరోజే ఎవరో ఒకరు తిట్టి మరీ చెప్పే సంగతి ఇది."

"మాకెవరూ చెప్పలేదు" అన్నాడు బ్రాంట్.

"మీ పాఠాల్లో ట్యాంకుల పాఠం ఉందట కదా. మా చెల్లి చదివింది."

ఆ జంట ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అది వేరే అతనితో రాయించాం" అంది సియెన్నా. "మేం చదివి వినిపించామంతే. మిస్ వెర్నా, ఇది బయటికి పొక్కకూడదు. మా దగ్గర నేర్చుకునేవాళ్ళు వేలమంది ఉన్నారు."

వెర్నా చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుంటూ అడిగింది. "సరే గానీ, ఊరికే అడుగుతున్నాను. దారిలో ఎలా సంపాదించాలో మీరు జనానికి చెప్తారు. మరి మీ సంపాదన ఏమిటి?"

"అదే" అన్నాడు బ్రాంట్.

"ఏదే?"

"ఎలా సంపాదించాలో చెప్పడం."

ఆ మాట అన్నప్పుడు అతని మొహంలో కపటం ఏమీ లేదు. ఉత్త అమాయకత్వం. వెర్నా తొడుగులు మణికట్టు దాకా లాక్కుంది.

వాల్వు మూసి, గిన్నెలు తోమే సబ్బు కుమ్మరించి, ట్యాంకు నిండా వేణ్ణీళ్ళు పోసింది. రాత్రంతా నాననిచ్చింది. పొద్దున్నే పొడుగాటి నీళ్ళ కడ్డీ కక్కసులోంచి దించి, ఆ గోపురాన్ని నీటిధారతో పొడుస్తూ కూర్చుంది. మొదట పైపెంకు విరిగింది. తర్వాత లోపలిది మెత్తగా లేచి సుడి తిరిగింది. అందులో కాయితం ముక్కలు, మక్కగింజలు, ఎందుకు పడిందో తెలియని బొమ్మ చెంచా ఒకటి. తుంపర చెంప మీద పడింది. మోచేత్తో తుడుచుకుంది. నోరు తెరవకుండా ఊపిరి తీయడం ఆమెకు వచ్చు. కానీ ముక్కుతో తీసినా నాలుక మీద రుచి తగిలే కంపు అది.

"ఇప్పుడు బండి నడపాలి. పార్కు చుట్టూ తిరుగు. లోపల కలబడితే గానీ మిగతాది వదలదు" అంది బ్రాంట్‌తో.

ఆ మెరిసే బస్సు మెల్లగా కదిలి వరసల మధ్య తిరగసాగింది. జనం ఊరేగింపనుకున్నారు. కుర్చీల్లోంచి లేచి చేతులూపారు. నేల మీద బిళ్ళలు నెట్టుతూ షఫుల్‌బోర్డు ఆడేవాళ్ళు కర్రలెత్తి కేకలేశారు. ఒక ముసలాయన టోపీ తీశాడు. మలుపు తిరిగినప్పుడల్లా బస్సు కడుపులో బుడబుడమని ఊగుతోంది. బ్రాంట్ కిటికీలోంచి నవ్వుతూ చెయ్యూపుతున్నాడు. ఆ పిల్ల ఇదంతా ఫోనులో పట్టుకుంటోంది. సాయంత్రానికి అది 'ఈ పార్కు మమ్మల్ని ఎలా ఆదరించిందో చూడండి' అని లోకానికంతా చేరింది.

వెర్నా తేనెబండి దగ్గర నిలబడి ఆ ఊరేగింపు చూసింది. నవ్వొచ్చింది, కానీ ఎంతోసేపు నిలవలేదు. పిల్లలు తెలియక చేసిన తప్పే, అంతా కడిగెయ్యొచ్చు. కానీ వాళ్ళు చూపించే తెలుపు, తను పంపే సూర్యాస్తమయం, రెండూ ఒకే కొట్లో సరుకని తోచింది. వీళ్ళు డబ్బుకి అమ్మారు, తను ఊరికే పంచింది.

చివరికి తొండం తగిలించి మొత్తం లాగేశాక సియెన్నా రెండు కవర్లు తెచ్చింది.

"ఇది పనికి. ఇది ఇంకో చిన్న సాయానికి. మీ వయసువాళ్ళు మా వీడియోల్లో తక్కువ. నాలుగు మాటలు చెప్పండి, చాలు. ఈ బతుకు ఎంత హాయిగా ఉందో."

"నన్నా? ఈ అవతారంలోనా?"

"స్నానం చేసి రండి. నా చొక్కా ఇస్తాను. నీలం మీకు బాగుంటుంది."

వెర్నా కాదనొచ్చు. అనలేదు. ఐరిస్ చూస్తుందన్న ఆలోచన ముందు వచ్చింది. మూడేళ్ళ అబద్ధాన్ని ఎవరో ఇస్త్రీ చేసి తొడుగుతామంటుంటే ఒంటి మీద వేసుకోవాలనే అనిపించింది. కుర్చీలో కూర్చుంది. వెనక బస్సు, పక్కన పింగాణీ గిన్నెలో నిమ్మకాయలు.

"అద్దె లేదు, యజమాని పెత్తనం లేదు" అంది, వాళ్ళు చెప్పమన్నట్టే. "పార్కులో తేలికపాటి పని. సాయంత్రం ఈ ఆకాశం. ఇంతకంటే ఏం కావాలి."

చెబుతూ జుట్టు సర్దుకోబోయి చెయ్యి మొహం దగ్గరికి తెచ్చుకుంది. ఎంత రుద్ది కడిగినా గోళ్ళ సందున ఇంకా ఉంది.

"అద్భుతం" అన్నాడు బ్రాంట్. "ఆ చివర మీ కళ్ళల్లో నీళ్ళు, అది మాత్రం అద్భుతం."

గురువారం పొద్దున వెర్నా వెనక వరసలో పనిలో ఉండగా ఐరిస్ ఫోను.

"చూశాను" అంది ఐరిస్, గొంతులో పొంగు. "నా అక్కే నాకు తెలియకుండా సినిమా తార అయిపోయింది. ఎదురింటి గ్రెచెన్‌ని పిలిచి చూపించాను. అది మూతి ముడుచుకుని, మీ అక్క బాగా నిగారించింది అంది. వెర్నీ, నాకింకా ఒక మూల భయంగానే ఉండేది. నిన్ను చూశాక పోయింది. రేపు సంతకం పెట్టేస్తున్నాను."

"ఐరిస్..."

"విను, నీ పక్క సైటు నాకు పట్టిపెట్టు. ఆఫీసులో మీ డ్వేన్‌తో చెప్పి నాకూ ఏదో పని చూడు. నీతోపాటు కూర్చుని చేసేది. ఈ మోకాళ్ళతో నిలబడే పని నావల్ల కాదు. కూర్చునే పనైతే ఎంతైనా చేస్తాను."

వెర్నా ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో గొట్టం పట్టుకుని ఉంది. ఆ సైటు ముసలావిడ కిటికీలోంచి, "ఖాళీ అయిందా వెర్నా, ఇంకా ఉందా?" అని అడుగుతోంది. పక్క సైటులో ఐరిస్, మోకాళ్ళ మీద వంగలేక వంగి, వాల్వు కోసం తడుముకుంటున్న ఐరిస్ ఆమె కళ్ళకు కట్టింది. ఇల్లు ఉండదు, వెనక్కి పోయే దారుండదు. ఎదురుగా ఇంకో కుర్చీ మాత్రం ఉంటుంది. ఆ కుర్చీ కోసం తను ఇంతకి తెగించిందా అనుకుంటే ఒంటి మీద తొండం పగిలినట్టయింది.

"వీడియో పెట్టు" అంది.

"ఏం?"

"వీడియో కాల్ పెట్టు. చూపిస్తాను."

ఐరిస్ మొహం ఫోనులో కనబడింది. వెనక ఫ్రిజ్జు, దాని మీద వరసగా సూర్యాస్తమయాలు. వెర్నా కెమెరా తిప్పింది. తొట్టి, మోటారు, తొండం చూపించింది. గొట్టం మధ్యలో గాజు ముక్క ఒకటుంటుంది, పారేది కనబడటానికి. అందులో గోధుమరంగు పరుగెత్తుతోంది. అక్కడే చాలాసేపు ఆపింది. తర్వాత తన చేతులు, బూట్లు, మోకాళ్ళ దగ్గర మరకలు చూపించింది.

"నా ఆఫీసు ఇది" అంది. "మొదటి నుంచీ ఇదే. కొండ మీద కూడా దారి చూపించలేదు, దొడ్లు కడిగాను. దుంపల దగ్గర లెక్కలు రాయలేదు, బురదెత్తాను. కూర్చునే పని ఎక్కడా లేదు ఐరిస్. నిన్న ఆ చొక్కా కూడా నాది కాదు. ఆ పిల్లల కక్కసు కడిగి, వాళ్ళ చొక్కా వేసుకుని, వాళ్ళ మాటలు చెప్పాను."

ఐరిస్ ఫోను మొహానికి దగ్గరగా తెచ్చుకుంది.

"నీ పని చూసి నేను మొహం తిప్పుకుంటాననుకున్నావా?" అంది. గొంతు మామూలుగా ఉంది, అదే భయపెట్టింది. "ముప్పై ఏళ్ళు పిల్లల కక్కులు తుడిచాను నేను. అన్నం పెట్టిన చేత్తోనే. పీతికి రోతపడే మనిషిని కాను."

"తెలుసు."

"తెలిసి కూడా చెప్పలేదు. శుక్రవారం అని చెప్పాను. మంచిదే అన్నావు. నేను సంతకం పెట్టి, ఉన్నదంతా ఊడ్చుకుని అక్కడికొచ్చి చూసుంటే? నా ఇల్లు, వెర్నా. చూస్తూ ఊరుకునేదానివా?"

ఐరిస్ ఆమెను పూర్తి పేరుతో పిలవడం చిన్నప్పటి నుంచీ లేదు.

"ఒక్కదాన్నే ఉన్నాను ఇక్కడ" అంది వెర్నా.

"ఆ మాట ఒక్కటి మొదటే చెప్పి ఉంటే సరిపోయేది" అంది ఐరిస్. చెయ్యి ఎత్తి, ఫోను పెట్టెయ్యకముందే ఫ్రిజ్జు మీది ఫొటో ఒకటి పీకడం కనబడింది. కోపంగా కాదు. గోడ మీద జిడ్డు గీకినట్టు.

శుక్రవారం రాత్రి రెండే మాటల సందేశం వచ్చింది. సంతకం పెట్టలేదు. ఆ తర్వాత ఐరిస్ ఫోను చెయ్యలేదు. వెర్నా చేసినా ఎత్తలేదు.

ఆ జంట వెళ్ళిపోయే ముందు వెర్నా వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. రెండో కవరు బల్ల మీద పెట్టింది.

"ఆ వీడియో తీసెయ్యండి."

"అయ్యో, ఎందుకు?" అంది సియెన్నా. ఆ పిల్ల కళ్ళల్లో నిజమైన బాధే. "అందరికీ ఎంత నచ్చిందో. మీలా బతకాలని ఉందని ఎంతమంది రాశారో చూడండి."

"అందుకే తియ్యమంటున్నాను."

"మిస్ వెర్నా, మీరు చెప్పిందే కదా పెట్టాం" అన్నాడు బ్రాంట్, మర్యాదగానే. "మేమేం కల్పించలేదు."

అది నిజం. ఆమె నోటి నుంచే వచ్చింది. సాయంత్రం డ్వేన్ పిలిచి, అతిథులతో పేచీ పెట్టుకునేవాళ్ళకి ఊరికే సైటు ఇవ్వడం కష్టమని మెత్తగా చెప్పాడు. వెర్నా తలూపి, తొడుగులు తీసుకుని పనిలోకి వెళ్ళింది.

ఫిబ్రవరి చివర్లో, గాలి కాస్త వేడెక్కుతుండగా, ముందు వరసలోకి పాత ఇంటిబండి ఒకటి వచ్చి ఆగింది. పక్కల మీద గీతల్లా తుప్పు. దిగి గొట్టం తగిలించినావిడకి వెర్నా వయసే ఉంటుంది, ఒక చీలమండకి పట్టీ. వెర్నాని చూసి ఆగిపోయింది. మొహం వెలిగింది.

"మీరే కదా? వీడియోలో, నీలం చొక్కా. నేను మిషిగన్ నుంచి. పేరు మార్లీస్. మిమ్మల్ని చూశాకే ధైర్యం వచ్చింది నాకు."

"ఇల్లు?" అంది వెర్నా.

"అమ్మేశాను. ఈ బండికీ అప్పులకీ సరిపోయింది." నవ్వింది. "ఆఫీసులో ఏదైనా తేలిక పని ఉంటుందా? మీరు చేసేలాంటిది."

వెర్నా చూపు కిందికి పోయింది. ఆవిడ బండి కింద ముడతల గొట్టం అప్పుడే సైటు మురుగులోకి దిగి ఉంది. వాల్వు బార్లా తెరిచి ఉంది. లోపలి కక్కసు నీళ్ళు ఒక్కటే, తేలిగ్గా, వెనక్కి చూడకుండా కారిపోతున్నాయి.

వెర్నా మోకాళ్ళ మీదికి వంగింది. వాల్వు పిడి పట్టుకుని లోపలికి నెట్టి మూసింది. లేవకుండా, అక్కడి నుంచే తల పైకెత్తి, "ఇలా కింద కూర్చో మార్లీస్" అంది. "నీకు చెప్పాల్సింది చాలా ఉంది. ముందు దీనితో మొదలుపెడతాను, తర్వాత నా చొక్కా సంగతి."

మార్లీస్ నవ్వు అలాగే ఉంది, ఇంకా ఏమీ అర్థం కాక. పట్టీ కట్టిన కాలు చాపుకుని, బండి అంచు పట్టుకుని, మెల్లగా ఆ కంకర మీద కూర్చోబోయింది.